పంచాంగమా, నిఘంటువా?

ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కొనబోయే ప్రతి ఒక్కరికీ ఒక సందేహం వస్తుంది. బీరువా కొంటే ఒక్కసారే డబ్బిస్తాం. కెమెరా కొన్నా అంతే. కంటికి కనపడకుండా కంప్యూటర్లో కూర్చున్న ప్రోగ్రాముకు మాత్రం నెలనెలా చందా ఎందుకు కట్టాలి? అదేమన్నా అరుగుతుందా, తరుగుతుందా? న్యాయమైన ప్రశ్నే. సాఫ్ట్‌వేర్ అంటే చివరికి కొన్ని అంకెల వరుస. అంకెలకు తుప్పు పట్టదు, చెదలు పట్టవు. థామస్ నాల్, జాన్ నాల్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన ఫోటోషాప్ 1990 ఫిబ్రవరిలో బజారుకొచ్చింది. దాని తొలినాటి కోడ్‌ను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2013లో అందరికీ చూపించింది. దాదాపు 1,28,000 పంక్తులున్న ఆ కోడ్‌లో ఇరవై మూడేళ్ళు గడిచినా ఒక్క అక్షరం చెరగలేదు. కానీ ఆ ప్రోగ్రామును తెచ్చి నేటి కంప్యూటర్లో నేరుగా పెడితే నడవదు. అరగని వస్తువు పనికిరాకుండా ఎలా పోయింది? చందా కట్టాలా, ఒకేసారి కొనేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మన ఇళ్ళలో రెండు రకాల పుస్తకాలుంటాయి. ఉగాదికి పంచాంగం కొంటాం. ఏడాది తిరిగేసరికి దాని కాగితం కొత్తగానే ఉంటుంది, కుట్టు ఊడదు, అయినా తిథులకూ ముహూర్తాలకూ పనికిరాదు, ఎందుకంటే అది చెప్పే ఆకాశం కదిలిపోయింది. నిఘంటువు అలా కాదు. తాతగారు కొన్నది మనవరాలికీ పనికొస్తుంది. భాష మారకపోదు గానీ, చాలా మెల్లగా మారుతుంది. ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండు పుస్తకాలూ ఒకే అట్టలో కుట్టి ఉంటాయి. ఏ భాగం పంచాంగమో, ఏ భాగం నిఘంటువో, మన పనికి ఏది ఎక్కువ కావాలో తెలుసుకుంటే నిర్ణయం దానంతట అదే తేలుతుంది. ఈ అధ్యాయం చెప్పదలచింది ఇదే. చందా రూపంలో మనం చెల్లించేది మారే లోకంతో అడుగు కలిపి నడిచినందుకు కూలి. మన లోకం ఎంత వేగంగా మారుతోందో చూసుకోకుండా ధరలు పోల్చి లాభం లేదు.

అరగని వస్తువు పాతబడటం

ప్రోగ్రాముల పెరుగుదలను ఏళ్ళ తరబడి పరిశీలించిన మీర్ లేమాన్ అనే శాస్త్రవేత్త 1974లో ఒక సూత్రం చెప్పాడు. నిజజీవితంలో వాడే ప్రోగ్రామును ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉండాలి, లేకపోతే అది రోజురోజుకూ తక్కువ సంతృప్తినిస్తుంది అన్నది దాని సారాంశం. ప్రోగ్రాము తనంతట తాను చెడిపోదు. దాని కింద ఉండే నిర్వాహక వ్యవస్థ మారుతుంది, దాన్ని నడిపే చిప్ మారుతుంది, దానికి సరుకు అందించే కెమెరా మారుతుంది. మూడువైపులా నేల కదులుతుంటే నడిమి గోడ బీటలు వారినట్టు ఉంటుంది దాని పరిస్థితి.

ఆపిల్ కంపెనీ ఆపర్చర్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌ను 2005లో తెచ్చింది. కొన్నవాళ్ళు ఒకేసారి డబ్బిచ్చి కొన్నారు. 2014లో ఇక దాన్ని అభివృద్ధి చేయబోమని ప్రకటించారు. 2019లో అదే ఆపిల్ తెచ్చిన కాటలీనా అనే మ్యాక్ వ్యవస్థలో ఆపర్చర్ నడవనే లేదు. అదే కాటలీనా 32-బిట్ ప్రోగ్రాములన్నిటినీ కూడా పక్కన పెట్టేసింది. శాశ్వత లైసెన్సు చేతిలో ఉంది, నడిపే నేలే కాళ్ళకింది నుంచి పోయింది. ఇంకో రకం ఇబ్బంది యాక్టివేషన్‌తో వస్తుంది. కొత్త కంప్యూటర్లో పెట్టిన ప్రతిసారీ కంపెనీ సర్వర్‌ను అడిగి అనుమతి తెచ్చుకునే ప్రోగ్రాములు ఆ సర్వర్ ఉన్నంతకాలమే శాశ్వతం. ఫోటోషాప్ తయారుచేసే అడోబ్ కంపెనీ తన సీఎస్2 సంచిక యాక్టివేషన్ సర్వర్లను మూసేసినప్పుడు, కొన్నవాళ్ళ కోసం యాక్టివేషన్ అవసరం లేని ప్రతిని విడిగా ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి "ఒకసారి కొంటే జీవితాంతం" అన్న మాటను అక్షరాలా నమ్మకూడదు. కొన్నది జీవితాంతం మనదే. పనిచేసేది మాత్రం పరిసరాలు మారనంతకాలం.

పరిసరాలను మారనివ్వకుండా పట్టి ఉంచితే ఏమవుతుందో తెలుగు పట్టణాల డీటీపీ కేంద్రాలు చూపించాయి. పాత విండోస్, పేజ్‌మేకర్, పాత ఫోటోషాప్, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు, అలవాటైన ప్రింటర్: ఈ ఐదింటినీ కదిలించకుండా ఉంచుకుని ఏళ్ళ తరబడి శుభలేఖలూ కరపత్రాలూ ఫ్లెక్సీలూ తయారుచేశారు. వాళ్ళ ప్రోగ్రాము నిఘంటువులా పనిచేసింది. అయితే వాట్సాప్ వచ్చాక ఖాతాదారు శుభలేఖ మ్యాటరును ఫోన్లో యూనికోడ్ తెలుగులో పంపడం మొదలైంది. దాన్ని నకలు తీసి పేజ్‌మేకర్లో అతికిస్తే తెలుగు రాదు, ఎందుకంటే అను ఫాంట్ల సంకేత పద్ధతి వేరు. ముందు మార్పిడి సాధనంలో వేసి, వత్తులూ గుణింతాలూ సరిగా వచ్చాయో లేదో కళ్ళతో సరిచూసుకోవాలి. షాపులో ఏ వస్తువూ మారలేదు, గుమ్మం బయట లోకం మారింది. అయినా ఒక మార్పిడి సాధనంతో ఆ దూరాన్ని దాటగలిగారన్నదీ గుర్తుంచుకోవాలి. పాతబడిన ప్రతి ప్రోగ్రామూ పారేయాల్సిందే అనడం తొందరపాటు.

కెమెరా రాసే లిపి

ఫోటో సాఫ్ట్‌వేర్‌లో అసలైన పంచాంగ భాగం ఎక్కడుందో చూడాలంటే కెమెరా లోపలికి వెళ్ళాలి. కెమెరా సెన్సర్‌లోని ఒక్కో గడికి రంగు తెలియదు. వెలుతురు ఎంత పడిందో మాత్రమే తెలుసు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. 1976లో పేటెంటు వచ్చింది. గడుల మీద రంగు అద్దాలు పరవాలి, సగం గడులకు ఆకుపచ్చ, పావు భాగానికి ఎరుపు, పావు భాగానికి నీలం. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 2.4 కోట్ల గడులుంటాయి. అంటే ఆకుపచ్చని కొలిచేవి 1.2 కోట్లు, ఎరుపు 60 లక్షలు, నీలం 60 లక్షలు. కానీ తెరమీద కనిపించే బొమ్మలో ప్రతి చుక్కకూ మూడు రంగుల కొలతలూ ఉండాలి, మొత్తం 7.2 కోట్ల అంకెలు. కెమెరా నిజంగా కొలిచింది అందులో మూడో వంతే. మిగతా 4.8 కోట్ల అంకెలనూ సాఫ్ట్‌వేర్ ఇరుగుపొరుగు గడులను చూసి అంచనా వేస్తుంది. ఫోటోలో మనం చూసే రంగుల్లో అధికభాగం సాఫ్ట్‌వేర్ చేసిన లెక్కే.

ఆ లెక్క జరగకముందు సెన్సర్ ఇచ్చిన ముడి అంకెల మూటను ఫోటోగ్రాఫర్లు రా ఫైల్ అంటారు. దోశల పిండికీ దోశకూ ఉన్న తేడాయే రా ఫైలుకూ జేపెగ్ బొమ్మకూ ఉంది. పిండిలో ఇంకా ఉప్పు వేయొచ్చు, పలచన చేయొచ్చు. పెనం మీద కాలిన దోశను మళ్ళీ పిండి చేయలేం. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 14-బిట్ రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. పెళ్లిలో వధూవరులు కట్టుకునే మధుపర్కాలను తలుచుకోండి. ఎర్రంచు తెల్లబట్ట మీద లైట్లన్నీ పడితే జేపెగ్‌లో అది ఒక తెల్లటి మచ్చలా మిగిలిపోవచ్చు. సెన్సర్ పూర్తిగా నిండిపోకపోతే, రా ఫైలులో ఆ నేత పోగులూ మడతలూ ఇంకా ఉంటాయి. వెలుగు కొంచెం తగ్గించగానే పైకి తేలతాయి. పెళ్లి ఫోటోలు తీసేవాళ్ళు రా ఫైళ్ళను వదులుకోకపోవడానికి కారణం ఇదే.

చిక్కల్లా ఈ పిండిని ఒక్కో కంపెనీ ఒక్కో గిన్నెలో, ఒక్కో మూతతో ఇవ్వడం వల్ల వస్తుంది. అడోబ్ లైట్‌రూమ్ 6 అనే సాఫ్ట్‌వేర్ 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఒకేసారి కొనుక్కునే వీలున్న ఆఖరి లైట్‌రూమ్ అదే. దానికి చివరి సవరణ 2017 డిసెంబరులో వచ్చింది. మరుసటి ఏడాది కానన్ ఈఓఎస్ ఎం50 అనే కెమెరాతో సీఆర్3 అనే కొత్త రా పద్ధతి మొదలైంది. లైట్‌రూమ్ 6కు ఆ లిపి తెలియదు. కెమెరా బాగుంది, కంప్యూటర్ బాగుంది, సాఫ్ట్‌వేర్ బాగుంది, ఫోటో మాత్రం తెరుచుకోదు. అదే మనిషి తన పాత కెమెరాతోనే తీస్తూ ఉంటే ఈ ఇబ్బంది ఎదురయ్యేదే కాదు. వెలుగు పెంచడం, కత్తిరించడం, రంగు సరిచేయడం వంటి పనులన్నీ నిఘంటువు భాగం. వాటి గణితం ఎన్నడో స్థిరపడింది. కొత్త కెమెరా లిపిని చదవడం పంచాంగం భాగం. మనం కెమెరా మార్చినప్పుడల్లా కొత్త పంచాంగం కావాలి.

పాతబడిన ప్రతిసారీ లోకం మారడమే కారణమా, కంపెనీ కావాలని పాతబరచడం లేదా అని అడగవచ్చు. ఆ అనుమానంలో నిజముంది. 2015 జూన్‌లో మంచుతెర తొలగించే కొత్త సాధనాన్ని చందాదారుల లైట్‌రూమ్‌కు ఇచ్చారు, రెండు నెలల ముందు లైట్‌రూమ్ 6 కొన్నవాళ్ళకు ఇవ్వలేదు. అడ్డువచ్చింది వ్యాపార నిర్ణయమే గాని గణితం కాదు. మరోవైపు అదే అడోబ్ డీఎన్‌జీ అనే బహిరంగ రా పద్ధతిని 2004లో ప్రకటించింది, కొత్త రా ఫైళ్ళను అందులోకి మార్చే సాధనాన్ని ఉచితంగా ఇస్తోంది. సీఆర్3 ఫైళ్ళను దాంతో మార్చుకుంటే లైట్‌రూమ్ 6 కూడా తెరవగలదు. ఒక అడుగు ఎక్కువ పడుతుంది, కాస్త డిస్కు స్థలం ఖర్చవుతుంది, అంతే. కాబట్టి "కొత్త కెమెరా కొన్నాను కనుక చందా తప్పదు" అన్న మాట కూడా సగమే నిజం. ఏడాదికి వంద ఫోటోలు తీసేవారికి ఈ అదనపు అడుగు భారం కాదు. వారానికి మూడు వేల ఫోటోలు తెచ్చే స్టూడియోకు భారమే.

ఇక చిత్రంలో లేని భాగాన్ని కల్పించి నింపే కృత్రిమ మేధ సాధనాల సంగతి వేరు. ఫోటోషాప్‌లో 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ వంటివి మన కంప్యూటర్లో పనిచేయవు. మీట నొక్కిన ప్రతిసారీ పని దూరాన ఉన్న సర్వర్లకు వెళుతుంది, అక్కడ కరెంటు ఖర్చవుతుంది. అలాంటి సేవకు వాడకాన్ని బట్టి డబ్బు అడగడంలో అన్యాయం లేదు. అదే ఏడాది లైట్‌రూమ్‌లో వచ్చిన డీనాయిస్ అనే గరుకు తగ్గించే సాధనం మన కంప్యూటర్లోనే, మన కరెంటుతోనే పనిచేస్తుంది. తెరమీద రెండు మీటలూ ఒకేలా ఉంటాయి గనుక, కొనేముందు అడగాల్సిన మంచి ప్రశ్న ఇది: నాకు కావాల్సిన పని నా బల్లమీద జరుగుతోందా, ఇంకొకరి ఇంట్లోనా?

ఒకే చందా, రెండు జవాబులు

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం. 2012లో ఫోటోషాప్ సీఎస్6 అమెరికాలో 699 డాలర్లు, కొత్త సంచికకు మారడానికి సుమారు 199 డాలర్లు. లైట్‌రూమ్ 6 ధర 149, మారడానికి 79. అడోబ్ 2013లో తెచ్చిన ఫోటోగ్రఫీ పథకంలో ఈ రెండూ కలిపి నెలకు 9.99 డాలర్లు, అంటే ఏడాదికి దాదాపు 120. ఆరేళ్ళకు లెక్కేద్దాం. చందా 720 అవుతుంది. ఫోటోషాప్ ఒకసారి కొని, ఆరేళ్ళలో మూడుసార్లు కొత్త సంచికకు మారే స్టూడియోకు 1,296 పడుతుంది. లైట్‌రూమ్ మాత్రమే చాలనుకుని, ఆరేళ్ళలో రెండుసార్లు మారే మనిషికి 307 పడుతుంది. అసలు మారనే మారని మనిషికి 149. కంపెనీ ఒకటే, చందా ఒకటే. ఒకరికి దాదాపు సగం మిగిలింది, మరొకరికి నాలుగైదు రెట్లు భారమైంది. తేడా తెచ్చింది ధర కాదు, ఎవరికెంత తరచుగా కొత్తది కావాలన్న విషయం. "చందా చవకా, కొనుగోలు చవకా" అని అందరినీ ఉద్దేశించి అడిగే ప్రశ్నకు అర్థం లేదని ఈ లెక్క చెబుతోంది.

ఈ లెక్కలో రెండు విషయాలు దాగి ఉన్నాయి. ఒకటి, చందా ధర మన చేతిలో ఉండదు. పై పథకం పదకొండేళ్ళకు పైగా 9.99 దగ్గరే నిలిచింది, అది మెచ్చుకోదగ్గదే. కానీ 2025 జనవరిలో ఆ చవక పథకాన్ని కొత్తవారికి మూసేశారు. అందులో ఉండి నెలనెలా కట్టేవారికి 14.99 చేశారు. కొన్న వస్తువు ధర కొన్న రోజుతో ఆగుతుంది, చందా ధర ఆగదు. రెండోది రాబడి తీరు. పెళ్లి ఫోటోగ్రాఫర్‌కు మాఘంలో ఊపిరి సలపదు. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా ముహూర్తాలుండవు, రాబడి ఉండదు. చందాకు మాత్రం మూఢమూ లేదు, ఆషాఢమూ లేదు. పని లేని నెలల్లో మానేసి మళ్ళీ చేరదామంటే, నెలనెలా చెల్లించేలా కనిపించే పథకాలు చాలావరకు ఏడాది ఒప్పందాలే. అలాంటి ఒప్పందాన్ని మధ్యలో వదిలితే పడే రుసుమును వినియోగదారులకు స్పష్టంగా చెప్పలేదన్న ఆరోపణతో అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబ్‌పై దావా వేసింది. సంతకం పెట్టేముందు అది నెల ఒప్పందమా, ఏడాది ఒప్పందమా అని చదువుకోవడం ఆ నెల చందా అంత విలువైన పని.

చందాను సమర్థించేవారి వాదనలో బలమైన అంశం ఒకటుంది. ఒకేసారి అమ్మే కంపెనీకి అమ్మిన రోజే రాబడి. పాత లోపాలు సరిచేస్తే పైసా రాదు గనుక కొత్త సంచికలో మెరుపులు చూపించడానికే మొగ్గుతుంది. చందా ఉంటే నిలకడగా రాబడి వస్తుంది, లోపాలు ఎప్పటికప్పుడు దిద్దగలుగుతుంది. ఇది నిజమే. అయితే ఆ నాణేనికి రెండోవైపూ చూడాలి. పాత పద్ధతిలో కొత్త సంచిక నచ్చకపోతే కొనకుండా ఊరుకోవచ్చు, పాతది పనిచేస్తూనే ఉంటుంది. కొనకపోవడమే కొనుగోలుదారు ఓటు. చందాలో ఆ ఓటు వేయాలంటే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాలి. ఖాళీ చేయడం ఎంత కష్టమైతే కంపెనీకి మన మాట వినాల్సిన అవసరం అంత తగ్గుతుంది. కాబట్టి అసలు పరీక్ష, వెళ్ళిపోవాలనుకున్న రోజున ఏం తీసుకెళ్ళగలం అన్నది.

ఖాళీ చేసే రోజు

లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్ అసలు ఫోటోను ముట్టుకోదు. "వెలుగు ఇంత తగ్గించు, నీలం ఇంత పెంచు, ఇక్కడ కత్తిరించు" అని మనం చెప్పినవన్నీ విడిగా ఒక చీటీలో రాసుకుంటుంది. తెరమీద చూపించేటప్పుడు, బయటికి తీసేటప్పుడు ఆ చీటీ ప్రకారం వండుతుంది. అసలుకు హాని లేని ఈ పద్ధతి ఎంతో మంచిది. అయితే వంట చీటీ ఒకటే అయినా ఇద్దరు వండితే రుచి ఒకటి కాదు. "కాస్త ఉప్పు" అన్న మాటకు ఒక్కో చేయి ఒక్కో కొలత. ఒక కంపెనీ చీటీలో "వెలుగు 40" అని ఉంటే మరో కంపెనీ ప్రోగ్రాము దాన్ని అదే అర్థంలో తీసుకోదు. పదేళ్ళ చీటీలను వేరే సాఫ్ట్‌వేర్‌కు తీసుకెళితే ఫోటోలు వస్తాయి, దిద్దుబాట్లలో చాలావరకు రావు. చందా ఆగితే ఏమవుతుందన్న భయంలో కొంత అతిశయోక్తి ఉంది. లైట్‌రూమ్ క్లాసిక్ చందా ముగిశాక కూడా తెరుచుకుంటుంది, ఫోటోలు వెతుక్కోవచ్చు, అప్పటిదాకా చేసిన దిద్దుబాట్లతో బయటికి తీసుకోవచ్చు. కొత్తగా దిద్దే గది మాత్రం మూతపడుతుంది. ఫోటోషాప్ అయితే పూర్తిగా ఆగిపోతుంది. దాని పొరల ఫైళ్ళను ఇతర ప్రోగ్రాములు తెరుస్తాయి గానీ అన్ని పొరలూ ఉన్నవి ఉన్నట్టు రావు.

ఖాళీ చేసే రోజు మన ఇష్టంతోనే రావాలని లేదు. 2019 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ ఆంక్షల కారణంగా వెనిజులాలోని ఖాతాలన్నిటినీ నిలిపేస్తామని అడోబ్ ప్రకటించింది. ఆ నెలాఖరుకే ప్రభుత్వ అనుమతి దొరికి సేవలు కొనసాగాయి. అయినా అక్కడి ఫోటోగ్రాఫర్లు, డిజైనర్లు గడిపిన ఆ కొద్దిరోజులు ఒక సంగతి నేర్పాయి. తాళంచెవి దూరాన ఉన్నప్పుడు మన తప్పేమీ లేకుండానే తలుపు పడవచ్చు.

ఇవేవీ వద్దు, ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందిగా అనేవారి మాట గౌరవించదగ్గది. గింప్‌ను కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టారు. రా ఫైళ్ళ కోసం డార్క్‌టేబుల్ 2009 నుంచి ఉంది. వీటి కోడ్ అందరి కళ్ళముందూ ఉంటుంది గనుక ఒక కంపెనీ మూతపడినా మాయం కావు. వీటి ధర డబ్బులో కాక కాలంలో ఉంటుంది. గింప్ 2.10 నుంచి 2025 మార్చిలో వచ్చిన 3.0కు దాదాపు ఏడేళ్ళు పట్టింది. నేర్చుకోవడానికీ ఓపిక కావాలి. బతుకుతెరువుగా చేసేవారికి ఆ కాలం ఖరీదైనది, ఇష్టంతో చేసేవారికి అదే ఆనందం. ఒకేసారి కొనుగోలుకు పేరుపడ్డ అఫినిటీ ఫోటో కథా గమనించాలి. ఇంగ్లండుకు చెందిన సెరిఫ్ సంస్థ 2015లో తెచ్చిన దీన్ని 2024లో కాన్వా అనే కంపెనీ కొనేసింది. 2025 అక్టోబరులో ఉచితం చేసి, కాన్వా ఖాతా తప్పనిసరి చేసి, కృత్రిమ మేధ సాధనాలను చందాదారులకే ఉంచింది. అమ్మకం పద్ధతి కూడా ఒక కంపెనీ నిర్ణయమే, అదీ మారుతుంది. ఏ పద్ధతినీ శాశ్వతమని నమ్ముకోలేం.

మూడు ప్రశ్నలు

ఇంతవరకూ చెప్పుకున్నదాన్ని బట్టి ఎవరికి వారు మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. రాబోయే ఐదేళ్ళలో నా కెమెరా, నా కంప్యూటర్ ఎన్నిసార్లు మారతాయి? నేను వాడే పనుల్లో దూరపు సర్వర్లు లేకుండా జరగనివి ఎన్ని? రేపు చందా ఆగితే ఈ నెల పని ఆగుతుందా? మూడింటికీ జవాబులు మార్పు వైపు మొగ్గితే, మన పని పంచాంగం మీద నడుస్తోందని అర్థం. ఖాతాదారులకు గడువులోగా ఆల్బమ్ ఇవ్వాల్సిన స్టూడియోకు చందా వ్యాపార ఖర్చు, కరెంటు బిల్లు లాంటిది. దానికి సిగ్గుపడనక్కర్లేదు, సంకోచించనక్కర్లేదు. ఒకే కెమెరాతో పండుగలకూ ప్రయాణాలకూ ఫోటోలు తీసుకునేవారికి నిఘంటువు చాలు. ఒకేసారి కొన్నదో, ఉచితమైనదో దగ్గర పెట్టుకుని, కొత్త కెమెరా కొన్న రోజున మళ్ళీ ఆలోచించుకోవచ్చు. నిఘంటువుతో గడిచే మనిషి అలవాటు కొద్దీ ఏటా పంచాంగం కొనడం, పంచాంగం కావాల్సిన మనిషి పాతదాన్నే పట్టుకుని ముహూర్తం పెట్టడం, రెండూ నష్టమే.

ఏది ఎంచుకున్నా చేయాల్సిన పని ఒకటుంది. మనసుకు నచ్చిన ప్రతి ఫోటోకూ రా ఫైలుతో పాటు, దిద్దడం పూర్తయిన ప్రతిని జేపెగ్‌లోనో, నాణ్యత తగ్గకుండా ఉండాలంటే టిఫ్‌లోనో తీసి, రెండు వేర్వేరు డిస్కుల్లో దాచాలి. జేపెగ్ 1992 నాటి ప్రమాణం, ఈనాటికీ ప్రతి ఫోనూ ప్రతి కంప్యూటరూ దాన్ని చదువుతుంది. పిండీ దాచుకున్నాం, దోశా దాచుకున్నాం. అప్పుడు కంపెనీ ధర పెంచినా, సర్వర్ మూసినా, కంప్యూటర్ మారినా మనం పోగొట్టుకునేది ఒక పనిముట్టునే. మధుపర్కాల ఎర్రంచూ, ఆ మడతల్లోని నేత పోగులూ మాత్రం మన డిస్కులోనే ఉంటాయి, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా తెరుచుకుంటాయి.